పోచవ్వ వాసన చూసిన నూనె

బాన్సువాడలో పురుడు వచ్చిన ఇళ్లలో చాలావాటికి పోచవ్వ కావాలి. బాలింతకు నీళ్లు పోయడం, పసిబిడ్డను చాచిన కాళ్లమీద బోర్లా వేసుకుని నూనె రాసి లాలపోయడం ఆమె పని. పెళ్లయి వచ్చిన ఏడాది అత్త వెంట తిరిగి నేర్చుకుంది. ఇప్పుడు అరవై దాటాయి.

నడుము నొప్పులున్న బాలింతకు వాయిలాకు వేసి మరిగించిన నీళ్లు పోస్తుంది. పడిశం పట్టిన ఇంట్లో వాము వేయించి, గుడ్డలో మూటకట్టి, వేడి తన చెంపకు ఆనించి చూసుకున్నాకే పెద్దవాళ్ల చేతికిస్తుంది. పసిపిల్లల నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడం మాత్రం దవాఖాన నర్సమ్మ వద్దన్న రోజు నుంచి మానేసింది.

అన్నిటికంటే జనం నమ్మింది ఆమె ముక్కును. ఏ ఇంటి నూనె అయినా ముందు అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేది. ఇది పాతబడ్డది, ఇందులో వేరే నూనె కలిసింది, ఇది మంచిది అని అక్కడికక్కడే చెప్పేది. పోలీసులు కుక్కను తెచ్చుకునే బదులు పోచవ్వను తీసుకుపోతే సరిపోతుందని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఊళ్లో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అది ఆమెకూ సోకి పదిహేను రోజులు మంచంలో ఉంది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. వస్తుందని ఆరు నెలలు చూసింది. కర్పూరం దగ్గర పెట్టుకుంటే మొదట్లో ముక్కులో కొంచెం చల్లగా తగిలేది, తర్వాత అదీ పోయింది. కోడలికి కూడా చెప్పలేదు. చెబితే పనికి పిలిచే ఇళ్లు పోతాయని భయం. అరచేతిలో నూనె పోసుకోవడం, కళ్లు మూసుకోవడం ఎప్పటిలాగే సాగాయి. కాసేపాగి "మంచిగనే ఉన్నది" అనేది. ఇంతవరకు ఎక్కడా తప్పు జరగలేదు. అది అదృష్టమని ఆమెకు తెలుసు.

ఈ కార్తీకంలో కాలువ అవతల క్యాంపు నుంచి రాధాకుమారి పిలిచింది. ఆమె పెద్దవాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపు వేసుకుని వరి పెట్టుకున్నారు. కూతురు సుస్మితకు తొలిచూలు కొడుకు. నెల నిండడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆ పొద్దున పోచవ్వ వెళ్లేసరికి పిల్లవాడు ముక్కు దిబ్బడ వేసి మూలుగుతున్నాడు.

"రాత్రి నుంచీ పాలు సరిగా తాగడం లేదు పోచవ్వా. నిన్ననే వాము వేసి నువ్వుల నూనె కాచాను, ఆ గూట్లో ఉంది. గుండెల మీద బాగా రాయి" అంది రాధాకుమారి వంటింట్లోంచి.

గూట్లో రెండు సీసాలున్నాయి. రెండూ ఒకేలాంటి పాత దగ్గుమందు సీసాలు. రెండింటిలోనూ ఒకే రంగు నూనె.

"రెండున్నయి గదమ్మా. ఏదేంది?"

"రెండోది నా మోకాళ్లది. నీలగిరి తైలం, కర్పూరం కలిపాను. నీకు నేను చెప్పాలా, వాసన చూస్తే తెలియదూ?" పాలు పొంగుతున్నాయో ఏమో, రాధాకుమారి ఇటు రాలేదు.

పోచవ్వ ఒక సీసా తీసి అరచేతిలో పోసుకుంది. కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. వేళ్లతో రుద్ది చూసింది. రెండూ నువ్వుల నూనెలో చేసినవే. ఏళ్ల తరబడి వేడినీళ్లలో నానిన ఆ వేళ్లకు తేడా అందలేదు. కర్పూరం పసిగుడ్డుకు విషమని, ఊపిరి ఆగిపోవచ్చని నర్సమ్మ చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. బహుశా ఇదే వాము నూనె కావచ్చు. చెయ్యి పిల్లవాడి మీదికి వెళ్లింది.

జానెడు దూరంలో ఆగింది.

"బిడ్డా" అంది సుస్మితతో, అరచేయి ఆమె ముందుకు చాపి. "నువ్వు జూడు. గిది ఏ నూనె?"

సుస్మిత వంగి వాసన చూసి, వెనక్కి జరిగింది. "అవ్వా, కర్పూరం గుప్పుమంటోంది. నీకు తెలియడం లేదా?"

"తెలుస్తలేదు బిడ్డా. కరోనా అచ్చిపోయినప్పటి సంది నా ముక్కు పనిజేస్తలేదు."

రాధాకుమారి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. "అంటే ఇన్నేళ్లూ ఊరికే వాసన చూసినట్టు నటించావా? నిరుడు మా తోటికోడలి మనవడికి కూడా ఇలాగే రాశావా?"

"గట్లనే రాసిన."

ఆ తర్వాత చాలా మాటలు వచ్చాయి. పోచవ్వ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ పిల్లవాడినే చూస్తోంది. ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె మనసంతా సీసాల మీదే ఉంది. దాచడానికి ఇంకేమీ మిగలలేదు కాబట్టి ఇప్పుడు బిడ్డను చూడగలిగింది. కప్పిన గుడ్డ తీసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

"నూనె వద్దు, నీళ్లు వద్దు. పోరడు డొక్కలెగరేస్తుండు. దవాఖానకు తోలుకపోండ్రి, గిప్పుడే."

"చాల్లే. ముక్కు లేదని నువ్వే చెప్పి, ఇప్పుడు వైద్యం కూడా చెబుతున్నావా? పడిశానికి ఆసుపత్రేమిటి? వాము కాపు పెడితే సర్దుకుంటుంది."

"అమ్మా, నన్ను నమ్మకు. నీ కండ్లతోని నువ్వే జూడు."

రాధాకుమారి కదల్లేదు. చూసింది సుస్మిత. మూడు ఊపిరులు చూసి, పిల్లవాడిని దుప్పటిలో చుట్టి చెప్పులు వేసుకుంది.

ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందని, సాయంత్రం దాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. పిల్లవాడికి నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. పోచవ్వ రోజూ వెళ్లి దవాఖాన వరండాలో కూర్చునేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు.

అయిదో రోజు రాధాకుమారి బయటికి వచ్చి పక్కన కూర్చుంది. 

"ఇంక నీచేత నూనె రాయించను పోచవ్వా. ఏమీ అనుకోకు."

"మంచిదమ్మా. పాలు తాగుతుండా?"

"పొద్దుటి నుంచి తాగుతున్నాడు."

పోచవ్వ తల ఊపింది. లేచి, గోడ పట్టుకుని వరండా మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఊళ్లో ఇంకా రెండు ఇళ్లలో బాలింతలున్నారు. ఒక ఇల్లు అంబికది, ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులు. పోచవ్వ అక్కడికి చేరేసరికి అంబిక పొయ్యి మీద చిన్న నూనె గిన్నె పెట్టింది.

పోచవ్వ గడప దాటలేదు. "గా నూనె దించు బిడ్డా. ముందుగాల నా మాటొకటి ఇను, ఇన్నంక నన్ను రమ్మంటవో వద్దంటవో నీ ఇష్టం."