అవ్వ వెంట మద్రాసుకు

నా చిన్నప్పుడు మా అవ్వకు తెల్లవారిన సంగతి కోడికూతతోనే తెలిసేది. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనేది కాదు. మార్కాపురంలో డాక్టరు చూసి, ఇంకా ఆలస్యం చేస్తే ఆ కాస్తా పోతుందనీ, మద్రాసులో పెద్ద కంటాసుపత్రికి పొమ్మనీ చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే మా నాయన ఎద్దులబండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మిరపకాయ కోతకొచ్చి ఉంది. అమ్మ కదలడానికి వీల్లేదు. వచ్చే ఏడు చూసుకుందాంలే అన్నారందరూ.

అవ్వ ఒప్పుకోలేదు. "ఈ పిల్లను నా ఎంట పంపించండి. నాకు నోరుంది, దానికి కళ్ళుండాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని చేయలేమా?" అంది.

నేనప్పుడు అయిదో తరగతి చదువుతున్నాను. గిద్దలూరు రైలు చూడటమే తప్ప ఎక్కిన దాన్ని కాదు. తాతయ్య బతికుండగా ఎప్పుడో ఒకసారి మద్రాసు చూసొచ్చిన ధైర్యం అవ్వది. మేం బస్సెక్కుతుంటే, "ఒకామెకు చూపు లేదు, ఇంకొకదానికి ఈడు లేదు. యాడ తప్పిపోతారో ఏమో" అని ఎవరో అననే అన్నారు. అవ్వ వినీ విననట్టు నా భుజం మీద చెయ్యేసి మెట్లెక్కింది. ఒంగోలు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. దారి పొడవునా ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది.

మద్రాసు స్టేషన్లో దిగేసరికి ఎటు చూసినా మనుషులే. అంత జనాన్ని మా ఊరి తిరునాళ్ళలో కూడా చూడలేదు. బోర్డుల మీద అక్షరాలు ఒక్కటీ తెలియవు. బిక్కచచ్చి నిలబడి ఉండగా తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన చక్కటి తెలుగులో "పెద్దమ్మా" అని పలకరించాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కంటాసుపత్రికి ఈ రోజు సెలవనీ, తనకు తెలిసిన డాక్టరు ఉన్నాడనీ, తానే తీసుకుపోతాననీ చెప్పి మా సంచి అందుకున్నాడు. అవ్వ సంచి వదల్లేదు, ముఖంలో నవ్వూ చెరగనివ్వలేదు.

"సల్లగుండు నాయనా. మా తమ్ముడు పోలీసోడు, టీ తాగొస్తానని ఇప్పుడే ఆ పక్కకు పోయినాడు. రానీ, అందరం కలిసే పోదాము."

ఆయన ఇప్పుడే వస్తానని వెళ్ళినవాడు మళ్ళీ కనిపించలేదు. మనకు పోలీసు తాతెవరున్నారని నేనడిగితే అవ్వ కిలకిలా నవ్వింది. "రోగాలకు లేని సెలవు ఆసుపత్రికి యాడిదే?" అంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది. "కొత్త ఊళ్ళో మన కాడికి వచ్చినోళ్ళ ఎంట పోగూడదు. మనమే పోయి అడగాల. అంగడి పెట్టుకోని కుదురుగా కూచున్న ఆడమనిషి యాడన్నా ఉందేమో చూడు. రోజూ ఆడనే కూచునేది మోసం చేసి యాడికి పోతుంది?"

గేటు బయట పూలు కడుతున్న ఆమెను చూపించాను. అవ్వ "అక్కా" అని పిలిచి తెలుగులోనే అడిగింది, ఆమె అరవంలోనే చెప్పింది, ఇద్దరికీ అర్థమైంది. మధ్యాహ్నంలోపు ఆసుపత్రిలో చీటీ రాయించుకున్నాం. ఆ రోజు ఆసుపత్రి నిండా జనమే.

ఆపరేషను మర్నాడన్నారు. ఆకలేసి దగ్గర్లోని హోటలుకు వెళ్ళాం. సర్వరు అడక్కుండానే రెండోసారి సాంబారు పోసి, తిన్నాక చిల్లరను సోంపు గింజల పళ్ళెంలో పెట్టి తెచ్చి అక్కడే నిలబడ్డాడు. అవ్వ తడుముకుంటూ చిల్లరంతా ఏరి కొంగున ముడేసుకుంది. ఆయన పళ్ళెం విసురుగా లాక్కుపోయాడు. ఆ చప్పుడు అవ్వకు అర్థమైంది. ఇంకొకరైతే ముఖం ముడుచుకుని లేచిపోయేవారు. అవ్వ మాత్రం ఆయన్ను వెనక్కి పిలిచింది.

"ఏంది నాయనా, కోపమొచ్చిందా? మాకు ఈ ఊరి పద్ధతి తెలవదు. చెప్పు."

ఆయనకు కాస్త తెలుగు వచ్చు. ముందు సిగ్గుపడ్డాడు. ఇక్కడ తిన్నవాళ్ళు సర్వరుకు ఎంతో కొంత టిప్పు ఇస్తారనీ, ఒక్క జీతంతో ఇల్లు గడవదనీ చెప్పాడు. అవ్వ తల ఊపింది. "మా పక్క అన్నం పెట్టిన చేతిలో డబ్బులు పెడితే, అన్నం అమ్ముకున్నావని తిట్టినట్టు నాయనా. అందుకనే ఇయ్యలా. నువ్వు అడిగి మంచి పని చేసినావు" అని ముడి విప్పి కొంత చిల్లర ఆయన చేతిలో పెట్టింది. ఆయన మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. బయటికొచ్చాక అవ్వ, ఎక్కడికెళ్ళినా ముందు నలుగురూ ఏం చేస్తున్నారో చూసి తనకు చెప్పమంది. ఆ సాయంత్రం వార్డులో అలాగే చూసి చెప్పాను. పక్క దుప్పట్లు మార్చే ఆయా చేతిలో అందరూ ఏదో ఒకటి పెడుతున్నారు. నర్సమ్మకు ఒకాయన ఇవ్వబోతే ఆమె కసిరి పంపింది. "భలేదానివే, ఎవరికి ఇయ్యాలో, ఎవరికి ఇయ్యగూడదో తెలిసిపాయ" అని అవ్వ నా వీపు తట్టింది. నేను అంగుళం పొడుగు పెరిగినట్టనిపించింది.

ఆపరేషను ఒక కంటికే అయినా కదలకూడదని రెండు కళ్ళకూ కట్టు కట్టారు. అన్నం తేవడం నా వంతు. మరుసటి రోజు క్యారియరు నింపించుకుని వస్తుంటే మామూలు దారిలో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పక్క సందులోంచి పోయాను. రెండు మలుపులు తిరిగేసరికి దారి తప్పాను. ఏ వీధి చూసినా ఒక్కలాగే ఉంది. అంతలో మంచి చీర కట్టుకున్న ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వచ్చీరాని తెలుగులో, "మీ వాళ్ళకు చాలా సీరియస్. డాక్టరు నిన్ను తీసుకురమ్మన్నాడు" అంది.

అవ్వకేమైందోనని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండడుగులు ఆమె వెంట వేశాను కూడా. అప్పుడు తట్టింది, ఈమెను నేను అడగలేదు, ఈమే నా దగ్గరికి వచ్చింది. అవ్వ ఉంటే ఏం చేసేదో అదే చేశాను.

"మా మామ పోలీసు. ఆ ముందర ఉండాడు. ఆయన్ను కూడా పిలుస్తా" అన్నాను. ఆమె పట్టు ఇంకా బిగించింది. ఊపిరంతా కూడదీసుకుని "మామా!" అని కేక పెట్టాను. మా పొలంలో పిట్టల్ని తోలడానికి వేసే కేక అది. వీధి వీధంతా తిరిగి చూసింది. ఆమె చెయ్యి వదిలేసి జనంలో కలిసిపోయింది.

అరుగు మీద అరటిపళ్ళ గంప ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పరుగెత్తి ఆమె దగ్గరికి పోయాను. అరవం ఒక్క ముక్క రాదు. రెండు అరచేతులతో కళ్ళు మూసి, కట్టు కట్టినట్టు చూపించాను. ఆమెకు చప్పున అర్థమైంది. గంపను పక్కనామెకు అప్పగించి, నా చెయ్యి పట్టుకుని వార్డు దాకా తీసుకొచ్చింది. క్యారియర్లో సాంబారు ఒక్క చుక్క ఒలకలేదు.

సంగతంతా విని అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా ముఖమంతా చేతులతో తడిమింది. తర్వాత కొంగు ముడి మీద చెయ్యేసి, "ఇయ్యబోతే ఏం చేస్తుందో చూసి చెప్పవే" అని గుసగుసగా అంది. ఆ ముడిని చూడగానే ముసలమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అదే చెప్పాను. అవ్వ ముడి వదిలేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చెనక్కాయ ఉండలు ఆమె ఒడిలో పోయించింది. ఆమె ఒకటి అక్కడే కొరికి పకపకా నవ్వింది.

కట్టు విప్పిన రోజు అవ్వ ముందుగా చూసింది నన్నే. రెప్పలు అల్లాడిస్తూ, "ఓసి నీ ఇల్లు బంగారంగాను! ఇంత ఎదిగినావే!" అంది. నల్లటి కళ్ళద్దాలు పెట్టుకుని మార్కాపురం బస్టాండులో నా భుజం పట్టుకోకుండానే దిగింది. మా ఊరు చేరగానే ఊరివాళ్ళు చుట్టూ మూగితే, "మద్రాసు నేను పోలా. ఇదే నన్ను తీసకపోయి తీసకొచ్చింది" అని అందరికీ వినబడేలా చెప్పింది. మా నాయన కర్ర సాయంతో వాకిట్లోకి వచ్చి మా ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఉద్యోగం పేరు మీద నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఒక చోట టిప్పు బిల్లులోనే కలిపేశారు. ఇంకో దేశంలో బల్ల మీద పెట్టిన చిల్లర మరిచిపోయాననుకుని హోటలు అమ్మాయి వీధిలోకి పరుగెత్తుకొచ్చి తిరిగి ఇచ్చింది. తెలియదని ఒప్పుకోవడానికి నాకెక్కడా నామోషీ అనిపించలేదు. ఇప్పటికీ కొత్త ఊళ్ళో దిగగానే కాసేపు పక్కకు నిలబడి నలుగురినీ చూస్తాను. పలకరించిన వాళ్ళకు నవ్వుతూ బదులిస్తాను, సంచి మాత్రం చేతిలోంచి జారనివ్వను. దారి అడగాల్సిన మనిషిని నేనే ఎంచుకుని, ఆమె దగ్గరికి నేనే నడిచివెళతాను.