గాజు తొట్టిలో గంగమ్మ

మొన్న ఆదివారం మా మోటర్ వైండింగ్ షాపు అటక దులుపుతుంటే పాత గోనెసంచుల వెనక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. లోపల తెల్లటి ఇసుక, రంధ్రాలు పడిన తేలికపాటి రాళ్ళు ఉన్నాయి. వాటిని చూసేలోపే వాసన ముఖానికి తగిలింది. ఉప్పు, ఎండిన నాచు, ఎక్కడో అడుగున కొంచెం నీచు. సముద్రం చూడాలంటే ఒక పగలంతా ప్రయాణం చేయాల్సిన సిద్దిపేటలో ఆ వాసన ఎవరికైనా వింతగానే ఉంటుంది. నాకు మాత్రం అది తెలిసిన వాసనే. కింద నిచ్చెన పట్టుకుని నిల్చున్న బాపు చూడకుండా ఇసుకలో మోచేతిదాకా చేయి పెట్టి వెతికాను. నేను వెతికింది ఒక రాగి పైస కోసం. అది దొరకలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా ఇంటి ముందుగది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే హుస్నాబాద్ నుంచీ చేర్యాల నుంచీ రైతులు కాలిపోయిన బోరు మోటర్లను ఆటోల్లో వేసుకొచ్చి షాపు ముందు దింపేవాళ్ళు. వార్నిష్ వాసన, మాడిన తీగ వాసన, బాపు తాగే చాయ్ వాసన కలిసి అదే మా ఇంటి వాసన అయిపోయింది. ఒకసారి తీగ కొనడానికి హైదరాబాద్ పోయిన బాపు అక్కడి డీలర్ గదిలో ఉప్పునీళ్ళ తొట్టి చూసి వచ్చాడు. నీళ్ళలో పూలు కదులుతున్నాయట, ఆ పూలలో చేపలు పడుకుంటున్నాయట. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం రుచించలేదు. పంపులతో బతికే మనిషి కదా, అంత సముద్రాన్నీ ఆడించేది అరచేతిలో పట్టే పంపేనని తెలిశాక ఇక ఆగలేకపోయాడు.

ఇనుప స్టాండు తనే వెల్డింగ్ చేసుకున్నాడు. తెలిసిన అద్దాల మేస్త్రి ఐదడుగుల తొట్టి అతికించి ఇచ్చాడు. బోరునీళ్ళు పనికిరావని మంచినీళ్ళ ప్లాంటు నుంచి నీళ్ళ క్యాన్లు తెప్పించి, హైదరాబాద్ నుంచి తెచ్చిన ఉప్పును డ్రమ్ములో కలిపి, ఉప్పు కొలిచే గాజు గొట్టం ముంచి చూసి, మళ్ళీ ఇంకొంచెం కలిపి, మళ్ళీ ముంచి చూసేవాడు. మా అమ్మ వాకిట్లోంచి, "కూరల ఉప్పు ఎక్కువైతే మొకం మాడుస్తవు, ఇప్పుడు బస్తాలకు బస్తాలు కలుపుతున్నవు" అని దెప్పేది. మొదటి నెలన్నర తొట్టిలో రాళ్ళూ ఇసుకా తప్ప ఏమీ లేవు. ముందు రాళ్ళకు ప్రాణం రావాలని బాపు అనేవాడు. వాడకట్టు వాళ్ళొచ్చి చూసి, రాళ్ళకు లైట్లు పెట్టిండని నవ్వి పోయేవాళ్ళు.

తర్వాత ఒక్కొక్కటిగా దిగాయి. నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు, ఎర్రటి వీపుతో మీసాలు ఆడించే రొయ్య ఒకటి, అద్దానికి అతుక్కుని పాకే నత్తలు ఆరు. చివరికి పువ్వు వచ్చింది. నిజానికి అదీ ఒక సముద్రజీవే, ఏదో ఇంగ్లీషు పేరుంది గానీ మా ఇంట్లో అది పువ్వే. రాతికి పాదం అతికించుకుని, వందవేళ్ళు చాపి ఊగేది. లైటు వెలిగితే అరచేయంతది పళ్ళెమంత అయ్యేది, భయపడితే పిడికిలంత ముడుచుకునేది. బతుకమ్మ ఆడి వచ్చిన ఆడవాళ్ళు పట్టుచీరల్లోనే వరుసగా మా గదిలోకొచ్చి, చేతుల్లో సత్తుపిండి ముద్దలతో నోళ్ళు తెరుచుకుని చూసి పోయారు. ఆ సాయంత్రం బాపు తలుపు దగ్గర నిల్చున్న తీరు నాకింకా గుర్తుంది, పెళ్ళికొడుకు కూడా అంత సిగ్గుపడడు.

అందరికన్నా ఎక్కువ మురిసింది మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ. ఆమె సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆకువక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేది. లైటు వెలగగానే రెండు చేతులెత్తి మొక్కేది. ఆమెకు నీళ్ళు ఎక్కడున్నా గంగమ్మే. కరీంనగర్‌లో ఉన్న మా మేనత్త ఇంటికి పోయేటప్పుడు బస్సు మానేరు వంతెన ఎక్కిందంటే చాలు, సంచి తాడు విప్పి నా చేతిలో రూపాయి బిళ్ళ పెట్టి, "ఎయ్యి బిడ్డా, మంచిగ సూడమని మొక్కి ఎయ్యి" అనేది. నేను కిటికీలోంచి విసిరేదాన్ని. అదే సంచి అడుగున, పొగాకు కాడల మధ్య, నడుమ బెజ్జమున్న పాత రాగి పైస ఒకటి ఉండేది. గోదావరికి పోయినప్పుడు వేయాలని ఆమె దాన్ని దాచుకుంది.

తొట్టి వచ్చాక మా ఇంట్లో కట్టుబాట్లు పెరిగాయి. ఆ గదిలో అగరుబత్తి వద్దు, దోమల చుట్ట వద్దు, ఫినాయిలు వద్దు. శుక్రవారం సాంబ్రాణి పొగ వాకిట్లోకి పోయింది. వైండింగ్ చేసిన చేతులు నీళ్ళలో పెట్టకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం. సబ్బుతో మూడుసార్లు కడిగాకే బాపు తొట్టి దగ్గరికి పోయేవాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గ్రీజు, వార్నిష్ అంటుతాయనేమో అనుకున్నాను.

నేను పుట్టుభయస్తురాలిని. బడికి పోయేముందు నత్తలు ఆరూ ఉన్నాయా అని చూసుకునేదాన్ని, ఐదు కనిపిస్తే ఆరోది దొరికేదాకా చెప్పులు వేసుకునేదాన్ని కాదు. క్లాసులో ఫ్యాను ఆగితే పిల్లలందరూ పుస్తకాలతో విసురుకునేవాళ్ళు, నా గుండె మాత్రం ఇంటికి పరుగెత్తేది. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే నీళ్ళలో గాలి ఉండదు, ఎండకు నీళ్ళు కాగుతాయి. ఇవన్నీ బాపు నాకు నేర్పిన పాఠాలే, నా లెక్కల మాస్టారు చెప్పినవాటికన్నా బాగా వచ్చాయి.

ఆ ఎండాకాలం వోల్టేజీ ఎక్కువై తొట్టి పంపు కాలిపోయింది. కొత్తది హైదరాబాద్‌లో తప్ప దొరకదు. బాపు ఆ చిన్న పంపును విప్పి, వెంట్రుకంత తీగతో తనే చుట్టి, పైన జిగురు పోసి ఆరబెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దించాడు. అది తిరిగింది. తిరిగిందని నాలుగిళ్ళకు చెప్పి వచ్చాడు. ఆ మరుసటి వారం ఉప్పు నిండుకుని హైదరాబాద్ పోతూ నన్ను పిలిచాడు.

"కరెంటు పోతే మగ్గుతోటి నీళ్ళు పైకెల్లి పోసుకుంట ఉండు బిడ్డా. ఫ్రిజ్జుల గడ్డకట్టిన సీసలున్నయ్, ఒక్కొక్కటి తేలెయ్యి. నీ మీదనే ఇడిసి పోతున్న."

పొద్దున తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ గంటసేపు లాగి కూలబడింది. అమ్మ డాబా మీద మామిడికాయ ముక్కలు ఆరబోస్తూ మధ్యమధ్య దిగి వచ్చి, కాసేపు తను పోసి, మళ్ళీ పైకి పోయేది. బాపమ్మ వాకిట్లో మంచం మీద కునుకు తీస్తోంది. నేను స్టూలెక్కి మగ్గుతో ముంచి, ఎత్తి, పోసి, మళ్ళీ ముంచి, ఎత్తి పోశాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. సీసాలన్నీ కరిగిపోయాయి. నీళ్ళ వేడి చూపే ఎర్రగీత నా కళ్ళముందే ఎక్కుతోంది. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. పువ్వు ముడుచుకుపోయి, ఏడ్చిన ముఖంలా ముడతలు పడి ఉంది. నా భుజం పడిపోయింది. నీ మీదనే ఇడిసి పోతున్న అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

నాకు మానేరు వంతెన గుర్తొచ్చింది.

వాకిట్లోకి పోయి, బాపమ్మ తలాపున ఉన్న సంచి తాడు విప్పాను. రూపాయి బిళ్ళలున్నాయి. ఇంత పెద్ద ఆపదకు రూపాయి చాలదనిపించింది. అడుగున చేయి పెట్టి రాగి పైస తీశాను. ఆమె కదల్లేదు. స్టూలెక్కి, కళ్ళు మూసుకుని, "గంగమ్మ తల్లీ, బాపు వచ్చేదాక సల్లగ సూడు" అని మొక్కి తొట్టిలో వేశాను. అది గిరగిరా తిరుగుతూ రాళ్ళ వెనక్కి జారిపోయింది. మరో నాలుగు మగ్గులు పోశానో లేదో కరెంటు వచ్చింది. పంపు గుర్రుమంది. నేను స్టూలు మీదే కూర్చుని ఏడ్చేశాను.

సాయంత్రం బాపు వచ్చి అన్నీ బతికే ఉన్నాయని చూసి నన్ను ఎత్తుకున్నాడు, అంత పెద్దపిల్లని. పైస సంగతి చెప్పలేదు. దేవుడికి మొక్కిన మొక్కు చెప్పుకోకూడదనీ, సంచిలోంచి తీసింది దొంగతనమనీ, రెండు కారణాలూ ఉన్నాయి.

పదిహేను రోజులకు రొయ్య వెల్లకిలా పడి కనిపించింది. తర్వాత నత్తలు అద్దం వదిలి ఒక్కొక్కటే రాలాయి. నా రోజువారీ వెతుకులాట ఐదు దగ్గర ఆగింది, మూడు దగ్గర ఆగింది, ఆ తర్వాత వెతకాల్సిన పని లేకపోయింది. బాపు నీళ్ళు మార్చాడు, ఉప్పు చూశాడు, వేడి చూశాడు, రాత్రింబవళ్ళు అదే ధ్యాస. షాపులో మోటర్లు పేరుకుపోయాయి. పువ్వు రోజురోజుకూ కుంచించుకుపోయి, ఒకరోజు పాదం వదిలేసి నీళ్ళలో తేలుతూ తిరిగింది. చేపలు మాత్రం చెక్కుచెదరలేదు. చేపలమ్మిన హైదరాబాద్ షాపతనికి ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే అతను చెప్పిన జవాబు బాపు ముఖంలోనే నాకు ముందు కనిపించింది. ఫోన్ పెట్టేసి అమ్మతో అన్నాడు.

"రాగి దిగిందట నీళ్ళల్ల. చేపలకేం గాదు గని, గివి బతకయట. నా పంపే. నేను సుట్టిన తీగనే చంపింది."

సబ్బుతో మూడుసార్లు చేతులు ఎందుకు కడిగేవాడో అప్పుడు తెలిసింది నాకు. నేను వేసిన పైసా రాగిదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టూలెక్కి రాళ్ళ వెనక వెతికాను, చెయ్యి అందలేదు. చెప్పాలని మూడుసార్లు షాపులోకి పోయాను. ఆయన ఆ చిన్న పంపును పగలగొట్టి, జిగురులో ఎక్కడ చీలిక ఉందో భూతద్దం పెట్టి చూస్తున్నాడు. చీలిక ఉంటే బాగుండునని నేను దండం పెట్టుకున్నాను. అంత పిరికిదాన్ని.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తొట్టి ఖాళీ. చేపల్ని హైదరాబాద్ పంపేశాడు, ఇసుకా రాళ్ళూ డ్రమ్ములో పోసి మూత బిగించాడు. పైస అందులోనే ఉండిపోయిందనుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు బాపు బాపమ్మతో మాట్లాడలేదు. ఆమె వడ్డించబోతే కంచం పక్కకు జరిపి, అమ్మ వచ్చేదాకా ఆగేవాడు. తొట్టి పోయిన దుఃఖమనుకున్నాను. బాపమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉంది. మానేరు దాటినప్పుడల్లా నా చేతిలో రూపాయి పెట్టి, కొత్తగా ఒక మాట కలిపేది, "పారే నీళ్ళల్లనే ఎయ్యాలె బిడ్డా" అని. పెద్దవాళ్ళు ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు కదా అనుకునేదాన్ని. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఆమె పోయింది.

మొన్న డ్రమ్మును కిందికి దించాక, దాని పక్కన నిలబడి నేను బాపును అడిగాను.

"బాపూ, దీంట్ల ఒక రాగి పైస ఉండాలె."

ఆయన ఇసుక కేసి చూశాడు. "దీంట్లెందుకుంటది? తొట్టి కాలీ జేసిన్నాడే దొరికింది. అవ్వకిచ్చేసిన. ఆమె సంచిల్నే ఉండె, బూడిద కలిపిన్నాడు సంచితోటే గోదాట్ల ఇడిసిన."

"ఆమెదని నీకెట్ల తెలుసు?"

"అడిగిన. నువ్వేసినవా అవ్వా అంటె, ఔ బిడ్డా, నేనే ఏసిన అన్నది. మందిల ఆమె పేరెందుకు తియ్యాలె అని పంపు మీదనే ఏసుకున్న."

నేను చేతికంటిన ఇసుక దులుపుకున్నాను. "ఆమె ఏయలే బాపూ. నేనేసిన. నువ్వు నా మీద ఇడిసి పోయినవు గదా, కరెంటు రాకపోతే భయమై ఏసిన."

బాపు కోప్పడలేదు. పక్కనున్న పాత మోటరు డొక్కు మీద మెల్లగా కూర్చున్నాడు. డ్రమ్ములోంచి ఒక రాయి తీసి, దాని రంధ్రాల్లోని ఇసుకను వేలితో రాలుస్తూ ఉన్నాడు.

"నాలుగొద్దులు ఆమె చేతి బువ్వ తినలే నేను" అన్నాడు.

ఇప్పుడు ఆ షాపులో మోటర్లు తక్కువ. అటకెక్కించే సామాను కూడా పెద్దగా లేదు. అద్దాల మేస్త్రి లేడు, తొట్టి ఉన్న గది గోడ మీద స్టాండు కాళ్ళు ఒరిసిన గీతలు కూడా సున్నం కింద పోయాయి. కరెంటు ఇప్పుడు పోదు, అయినా ఫ్యాను ఆగితే నేనింకా ఉలిక్కిపడతాను. ఆ రోజు డ్రమ్ము మూత పెట్టమని ఆయన అనలేదు, నేనూ పెట్టలేదు. సాయంత్రానికి ఆ వాసన పోయింది.