రెండు దాకా లెక్కపెట్టే గొంతు

మా అన్న చనిపోయిన పదకొండో రోజున, ఆయనతో చదువుకున్న ఒకాయన దువ్వూరు నుంచి ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చాడు. వెంట ఎనిమిదో తరగతి చదివే కూతురు ఉంది. హైస్కూల్లో మా అన్న ఆయన్ను మూడేళ్లు వేధించాడు. సైకిల్ స్టాండు వెనక మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొట్టేవాడు. రెండు తరగతులు కింద చదివే నేను, చూసి కూడా పక్కకు తప్పుకునేదాన్ని.

"మీ అన్న నన్ను శానా ఏడిపించినాడమ్మా," అన్నాడాయన ఫోటో ముందు కూర్చుంటూ. "అయినా పోయినాడని తెలిస్తే ఉండలేకపోయినా."

ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. ఆ పిల్ల వద్దన్నట్టు గ్లాసు కింద పెట్టింది. ఆయన ఆమె వైపు వంగాడు.

"ఒకటి చెప్తాండా. రెండు చెప్తాండా. మూడు చెప్పించుకోవాకు."

కొట్టేముందు మా అన్న అనే మాట అదే. గొంతు పెంచకుండా, 'రెండు' దగ్గర కాస్త సాగదీసి, అచ్చం అలాగే. వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చి మా ముగ్గురి ముఖాలూ చూసింది.

"ఎవరే ఆ మాటనింది?"

నిజానికి అది మా అన్న మాట కూడా కాదు. బెల్టు చేత పట్టుకుని మా నాయన అన్నతో అనేది. అన్న దాన్ని బడికి తీసుకెళ్లాడు.

"అది మా నాయన మాటన్నా," అన్నాను ఆయనతో.

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నేనేమంటిని ఇప్పుడు?"

ఆ పిల్ల అప్పటికే గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఇంకా పొగలు వస్తున్న కాఫీని ఆపకుండా తాగేస్తోంది.