అక్బరీ బేగం ఎండాకాలంలో కడిగిన రీలు

అక్బరీ బేగం ఎండాకాలంలో ఫోటోలు తీస్తుంది గాని కడగదు. అశ్వారావుపేటలో మా వీధివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మామిడికాయల రోజుల్లో తీసిన ఫోటో చూడాలంటే వానలు పడి నీళ్లు చల్లబడేదాకా ఆగాలి. వేడినీళ్లు తగిలితే రీలు మీది పూత మెత్తబడి పాలమీగడలా జారిపోతుందని ఆమె ఓపిగ్గా చెబుతుంది. విన్నవాళ్లు తలూపుతారు. వారం తిరక్కుండా వచ్చి, "అయినయా?" అని అడుగుతారు.

ఆమె భర్త జానీ మియాకు బస్టాండు దగ్గర స్టూడియో ఉండేది. అప్పట్లో మా ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు ఫోటో దిగడానికి ఒప్పుకున్నా, ఆ రీలును మగవాళ్లు కడగడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. అందుకని జానీ మియా భార్యకు ఆ పని నేర్పాడు. తీయడం ఆమె చూసి చూసి తనే నేర్చుకుంది. ఇప్పుడు జానీ మియా లేడు. స్టూడియో సెల్‌ఫోన్ల దుకాణమైంది, కొడుకు ఉబేద్ నడుపుతున్నాడు. నలుపు తెలుపు రీళ్లు హైదరాబాదు నుంచి తెప్పించేదీ అతనే. "ఫోన్ ఇస్తనన్నా వద్దంటది," అని సణుగుతాడు, తెప్పిస్తాడు.

ఆమె ఎవరినీ నిలబెట్టి తీయదు. బియ్యం చెరుగుతున్నప్పుడు, పిల్లకు పేలు చూస్తున్నప్పుడు, పామాయిల్ తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నప్పుడు తీస్తుంది. నేను చదువు ఆపేసినప్పటి నుంచి ఆమె ఇంట్లో సాయానికి ఉంటున్నాను. ఖాలా అని, అంటే పిన్నీ అని పిలుస్తాను.

ఎదురింట్లో పుల్లమ్మ ఉంటుంది. ఆమె చెల్లెలు కళావతిది పెనుబల్లి. పుల్లమ్మ కొడుకు పెళ్లిలో జానీ మియా ఇంటివాళ్లందరినీ ఒకచోట చేర్చి ఫోటో తీశాడు. కళావతి ఆ సమయానికి వెనక పెరట్లో వడ్డిస్తోంది. ఎవరూ పిలవలేదు. ఫోటో ఫ్రేము కట్టి గోడకెక్కాక చూస్తే అందులో దూరపు చుట్టాలు కూడా ఉన్నారు, తను లేదు. ఆ రోజు నుంచి అక్క గడప తొక్కలేదు. ఆ పెళ్లికొడుకు పిల్లలు బడికి పోతున్నా తొక్కలేదు.

ఈ మే నెలలో పుల్లమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి, కళావతి తనే వచ్చింది. ఆవకాయ పెట్టి పోతానంది. చెల్లెలు ముక్కలు కొడుతోంది, అక్క మంచం మీద కూర్చుని జీడి తీసి గుడ్డతో తుడుస్తోంది.

"ఆ ముక్క చూడు, బండరాయంత కొట్టినవ్," అంది పుల్లమ్మ.

"నువ్వు లేచొచ్చి కొట్టుకోరాదే, చూస్త."

ఖాలా గుమ్మంలో నిలబడి తీసింది. చప్పుడుకు కళావతి తలెత్తింది.

"నేను పడ్డనా బేగమక్కా?"

"పడ్డవు."

"సగమా, మొత్తమా?"

"కత్తిపీటతో సహా."

సాయంత్రం బస్సుకు పోతూ కళావతి అక్కతో అంది: "ఆ పెళ్లి ఫోటో పక్కన ఇది కట్టించు. గోడ మీద నన్ను నేను చూసుకునేదుంటేనే మళ్లీ వస్త."

మర్నాటి నుంచే కళావతి ఫోన్లు మొదలయ్యాయి. వానలదాకా ఆగాలంటే ఆమె నమ్మలేదు. పుల్లమ్మ మనవడు సెల్‌ఫోన్‌లో తీసినది పంపిస్తే, ఫోన్‌లోది గోడకెక్కదు గదా అంది. పుల్లమ్మ చేతికర్ర పట్టుకుని రోజూ మా దగ్గరికి వచ్చేది.

"మళ్లీ తీసేసిన్రా నన్ను అంటంది బేగమక్కా. ఇప్పుడు ఫోటో గోడకెక్కకపోతే అది ఇంక ఈ జన్మకు రాదు."

"కుళాయి కింద చెయ్యి పెట్టు పుల్లమ్మా."

పుల్లమ్మ పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. అయినా కదల్లేదు. "ఐసు తెప్పిస్త," అంది.

ఖాలా కుళాయి కట్టేసింది. ఆ పెళ్లి ఫోటో తీసింది తన భర్తే అన్నది ఆమె మనసులో ఉందేమో, నాకు తెలియదు. చివరికి సరే అంది.

ఆ రోజు గాలిదుమారానికి స్తంభాలు పడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో నీళ్లు కూడా వేడెక్కాయి. సోడా బండి అతని దగ్గర ఐసుగడ్డ తెచ్చారు. సగం గడ్డను మందునీళ్లు చల్లబరచడానికి లోపలికి తీసుకున్నాం. మిగతా సగం కడిగే నీళ్లలో వేసి, టబ్బు మీద తడి గోనెపట్టా కప్పి వరండాలో ఉంచాం. బాత్రూం కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. లోపల నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఖాలా వెలుతురు చొరకుండా మూత బిగించిన రీలు డబ్బాను మెల్లగా తిప్పుతూ ఉంది. గడ్డం నుంచి చెమట కారుతోంది.

"ఆ టబ్బులో నీళ్లు తే జెబా."

వరండాలోకి వచ్చి పట్టా ఎత్తాను. టబ్బు ఖాళీగా ఉంది. పక్కన పుల్లమ్మ పెద్ద గిన్నెలో నిమ్మరసం కలిపి, ఫోటో చూడటానికి వచ్చిన వీధివాళ్లందరికీ గ్లాసులు ఇస్తోంది.

"పాపం ఆ గదిలో ఉడికిపోతంది. ముందు ఇది తాగమను," అని నాకూ ఒక గ్లాసు ఇచ్చింది.

డబ్బాలో మందు ఎక్కువసేపు ఉంచితే ఫోటో మొత్తం నల్లబడుతుంది. ఇంకో దారి లేక ఖాలా కుళాయి తిప్పింది. పని అయ్యాక మూత తీస్తే రీలు మీది పూత తడిసిన కాగితంలా ఒక అంచుకు పోగుపడి ఉంది. అక్కాచెల్లెళ్ల ఫోటోలో మామిడి ముక్కల కుప్ప ఒక్కటే మిగిలింది. పైన అంతా ఉత్త ప్లాస్టిక్కు.

ఖాలా బయటికి వచ్చి కూర్చుని నిమ్మరసం తాగింది. "ఉప్పు తక్కువైంది," అంది.

సంగతి అర్థమయ్యాక పుల్లమ్మ ఏడ్చింది. "కెమెరా పాడైందని చెప్పు. ఐసు సంగతి మాత్రం చెప్పకు. నేను కావాలనే చేసినంటది."

"ఐసు సంగతి చెప్పను. కెమెరా పాడైందని గూడ చెప్పను. నేనే పోయి చూపిస్త."

మర్నాడు పొద్దున్నే బయల్దేరి సత్తుపల్లిలో బస్సు మారి పెనుబల్లి వెళ్లాం. కళావతి మా మొహాల కంటే ముందు మా చేతులు చూసింది, ఫ్రేము ఉందేమోనని. ఖాలా కవర్లోంచి రీలు తీసి ఇచ్చింది.

"ఏంది ఇది?"

"నీ ఫోటో. వేడినీళ్లు తగిలి పూత జారింది. తప్పు నాదే."

కళావతి దాన్ని వెలుగుకు పట్టి చూసింది. "నేనేది?"

"పోయినవు."

ఆమె మమ్మల్ని కూర్చోమనలేదు. లోపలికి పోయి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, రీలును మళ్లీ ఎండకు ఎత్తి చూసింది.

"మా అక్క ఏది?"

"ఆమె గూడ పోయింది."

"నిజం చెప్పు బేగమక్కా. కొంచెమన్నా లేదా? చెయ్యన్నా? కొంగన్నా?"

"నువ్వే చూస్తున్నవు గదా. ముక్కలు తప్ప ఏం లేవు."

కళావతి ఒక చివర నుంచి ఇంకో చివరదాకా వెతికింది. మళ్లీ వెతికింది. తర్వాత రీలు ఖాలాకు ఇచ్చేసి, ఫోన్ తీసి అక్కకు కలిపింది.

"ఏందే, నువ్వు గూడ పోయినవంట గదా," అంది.

అటు పుల్లమ్మ ఏమందో మాకు వినిపించలేదు.

"ఏడుస్తవెందుకే? నేనేమన్న ఏడుస్తున్ననా? ... ఆవకాయ జాడీ ఎవరెత్తుతున్నరు? ... కోడలా? దానికి తిరగేయడం ఏం వచ్చు! నూనె పైకి తేలిందా లేదా చూసినవా అసలు? ... సరే పెట్టెయ్."

ఫోన్ పెట్టేశాక మాకు మంచినీళ్లు ఇచ్చింది. బస్సుకు టైమవుతుందని ఖాలా లేచింది.

"ఉండు, నేనూ వస్తున్న," అని కళావతి ఒక చీర సంచిలో పెట్టుకుని, తాళంకప్ప కోసం వెతకడం మొదలుపెట్టింది.