రాఘవమ్మ జాడీలో బూజు

రాఘవమ్మ మా అందరి పెంటదిబ్బల్లో చేతబడి పాతిపెట్టిందని బోగోలు చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. పాతిపెట్టిన మాట నిజం. చేతబడి మాట అబద్ధం. ఆమెను పట్టుకున్నది నేనే కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రాఘవమ్మకు ఇసుకనేలలో పదకొండు కొబ్బరిచెట్లు. మొగుడు పోయాక ఆ కాయలే ఆమెకు కూడు. పందొమ్మిది వందల అరవై ఒకటిలో కొమ్ముపురుగు పడింది. ఆ నల్లటి పురుగు చెట్టు తలలోని లేత మొవ్వులో దూరి తినేస్తే, విచ్చుకున్న మట్టలు కత్తెరతో కత్తిరించినట్టు వచ్చేవి. కార్తీకానికి మూడు చెట్లు తలలు వాల్చాయి.

అప్పుడే మా పక్కింటి కామమ్మ ఆవకాయ కోసం రాఘవమ్మ ఇంటికి పోయి, ఆమె పెరట్లో ఉంటే తానే జాడీ మూత తీసింది. లోపల పేడ, పేడలో బిగుసుకుపోయిన పురుగులు, వాటి మీద పచ్చటి పొడి. గిన్నె అక్కడే వదిలేసి వచ్చి మా వాకిట్లో కూలబడింది.

"ఏందిమే, దెయ్యం గాని కనపడిందా?" అన్నాను.

"దెయ్యమైతే బాగుండు శేషక్కా. జాడీలో చేతబడి మందు పెట్టుకోనుండాది."

"రుచి చూసినావా?"

"నీకు నవ్వులాటగా ఉండాది."

పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసింది. అందులో నా వంతూ ఉంది. మధ్యాహ్నాలు ఆమె మా దిబ్బల దగ్గర తచ్చాడడం చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆడవాళ్లు దిబ్బలకు పసుపునీళ్లు చల్లి, రాఘవమ్మ కనబడితే పెరటి తడికలు కట్టేసుకున్నారు. నాకు మాత్రం అన్నం సహించలేదు, భయంతో కాదు, ఆ జాడీలో ఏముందో తెలియక.

మా తడిక కావాలనే తీసిపెట్టి, మధ్యాహ్నాలు గడ్డివామి వెనక కూర్చున్నాను. రెండోరోజు రాఘవమ్మ వచ్చింది. కర్రతో మా దిబ్బలో గుంట తీసి, జాడీలోది గుప్పెడు వేసి, పేడ కప్పి, చెంబెడు నీళ్లు పోసింది. చేతబడికి నీళ్లు పోస్తారని నేనెక్కడా వినలేదు.

"ఇంకో చెంబు కావాల్నా రాఘవా?" అన్నాను వెనకనుంచి.

ఆమె దిబ్బ మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

తర్వాత చెప్పింది. కొమ్ముపురుగు పిల్లలు పెరిగేది పెంటదిబ్బల్లోనేనట, బొటనవేలంత తెల్లటి పురుగులుగా. తన దిబ్బలో కొన్ని చచ్చి పచ్చగా బూజు పట్టి ఉంటే, ఒకదాన్ని పొట్లం కట్టి కావలి వ్యవసాయ ఆఫీసుకు పట్టుకుపోయింది. అక్కడి కృపాదానం గారు భూతద్దం పెట్టి చూసి, పురుగును చంపింది ఆ బూజేనని, తేమ ఉంటే పక్క పురుగులకూ అంటుకుంటుందని, గొడ్డుకూ మనిషికీ భయం లేదని చెప్పారట. అప్పటినుంచి, మేమంతా ఊరగాయకు బూజు పట్టకూడదని మొక్కుకుంటుంటే, ఆమె జాడీలో బూజు తగ్గకూడదని నీళ్లు చిలకరిస్తూ కూర్చుంది.

"ఇంత మంచి పనైతే దొంగతనంగా ఎందుకమ్మే? మాకు చెప్పి వెయ్యొచ్చు గదా?" అని మొహం మీదే అడిగాను.

రాఘవమ్మ జాడీ తీసి నా చేతిలో పెట్టింది.

"నీ దిబ్బలో పురుగుకు రెక్కలొస్తే యాడికి పోతాదక్కా? నీకు చెట్లు లేవు, నేరుగా నా మొవ్వులోకే వస్తాది. పురుగులకు బూజు పట్టిస్తానంటే మీలో ఎవురు తడిక తీస్తారు? ఇంక కామమ్మ దిబ్బ ఒకటే మిగిలింది. నువ్వు పో. నువ్వు ఎవురి పెరట్లో తొంగిచూసినా ఊళ్లో ఎవురూ అనుమానపడరు."