మూడో మెట్టు మీద చెయ్యి

జెర దగ్గరికి జరగుండ్రి. ఆ కుర్చీ వద్దు, చాప మీదనే కూసోండ్రి. ఆల్బం బరువున్నది, ఇద్దరి ఒళ్ళల్ల పెట్టుకోని సూడాలె. ఛాయ్ తాగినంక చేతులు తుడుసుకోండ్రి. ఇది మా కొడుకు రిసెప్షన్‌ది. స్టేజీ మీది ఫోటోలు మీరు జల్దీ జల్దీ తిప్పేసినా నేనేమనుకోను. అందరి ఇండ్లల్ల అవ్వే ఉంటయ్: వరుసగ నిలవడుడు, పండ్లు కనిపిచ్చుడు, దిగిపోవుడు. నేను సూపెట్టేది నడుమల ఉన్నది. పేజీ నిండ ఒక్కటే ఫోటో. ముందుగాల దాని కత వినుండ్రి.

నేను ఏడో తరగతి దాకనే సదివిన. కని పెండ్లి ఫోటోల సంగతి నాకు తెలిసినంత కెమెరా పట్టినోళ్ళకు సుత తెల్వదు. ఎందుకంటె ఎన్నో ఏండ్లు నేను స్టేజీ మెట్ల కాడ నిలవడ్డ. బ్యాగులు పట్టుకోని.

మా ఆయనకు ఒక్కతే అక్క. కాప్రాల ఉంటది. నేను వదినె అంట. వాళ్ళింట్ల గాని మా ఇంట్ల గాని, ఫంక్షన్ అంటె పెత్తనం ఆమెదే. స్టేజీ ఎక్కే ముంగట నా దిక్కు సూడకుంటనే చెయ్యి పక్కకు చాపుతది, బ్యాగు నా చేతికొస్తది. దిగెటప్పుడు మల్ల సూడకుంటనే చాపుతది, బ్యాగు ఆమె చేతికి పోవాలె. ఆమెను జూసి ఆమె తోడికోడళ్ళు, ఆఖరికి పక్కింటోళ్ళు సుత నాకే ఇచ్చెటోళ్ళు. "మా మర్దలున్నది గద, మీరెక్కుండ్రి" అంటుండె వదినె. నేను గోడకు కొట్టిన మొలనైనట్టు.

ఆమె బిడ్డ రిసెప్షన్ నాడు ఫోటో తీసేటాయన "మేనమామ ఫ్యామిలీ రావాలె" అని పిలిచిండు. మేనమామ అంటె మా ఆయనే. నేను కుచ్చిళ్ళు సర్దుకోని మొదటి మెట్టు మీద కాలు పెట్టిన. వదినె పైనుంచి ఒంగి, "నువ్వెక్కితె బ్యాగులెవలు జూస్తరే? తర్వాత దిగుదువు తియ్ ఫోటో" అన్నది. నవ్వుకుంటనే అన్నది. మా ఆయన ఒక్కసారి నా దిక్కు సూసి, ఎక్కి నిలవడ్డడు. ఆ తర్వాత అన్నది రానే రాలె. లైట్లు విప్పిండ్రు, పూలు పీకిండ్రు, నేను ఆడనే ఉన్న.

నెలకు ఆ ఆల్బం మా ఇంటికి సూడనీకొచ్చింది. మా కొడుక్కు గప్పుడు ఆరేండ్లు. నేల మీద బోర్ల పండుకోని పేజీలన్ని తిప్పిండు, మల్ల మొదటి నుంచి తిప్పిండు.

"అమ్మా, నువ్వు పెండ్లికి రాలేదా?" అన్నడు.

జెర సేపటికి వాడే ఒక ఫోటో అంచు మీద వేలు పెట్టి, "ఇగో, నువ్వున్నవ్" అన్నడు. చెయ్యి. మోచేతి నుంచి కిందికి. ఐదు బ్యాగులు, ఆకుపచ్చ గాజులు, పెనం తగిలి కాలిన మచ్చ. నా కొడుకు నన్ను మచ్చను జూసి గుర్తువట్టిండు.

ఆ దినం నేను మనసుల ఒక మాటనుకున్న. ఎవ్వలికి చెప్పలె. పగ అనేది ఆవకాయ లెక్క. పెట్టిన దినమే తింటె పచ్చి వాసనొస్తది. జాడీ మూతికి బట్ట గట్టి పక్కన పెట్టాలె.

మెట్ల కాడ నిలవడి నిలవడి నాకొకటి తెలిసొచ్చింది. స్టేజీ మీద ఎవలు ఎట్లాంటోళ్ళో కనవడదు. మనిషి బయటవడేది దిగెటప్పుడు. మొదటి మెట్టు మీద నవ్వు ఉంటది. రెండో మెట్టు మీద సుత ఉంటది. మూడో మెట్టు కాడ జారుతది. పైన భుజాల మీద చేతులేసుకున్న అన్నదమ్ములు మూడో మెట్టు కాడ ఇడిసిపెట్టి ఒకడు ఇటు, ఒకడు అటు పోంగ సూసిన. పైన కిలకిల నవ్విన ఒక పెండ్లికూతురు మేనత్త, మూడో మెట్టు మీద కొంగు నోట్ల కుక్కుకోంగ సూసిన. ఇంకొకటి. కెమెరా ఉన్నదని మొఖానికి తెలుస్తది, చేతికి తెల్వదు. మంచి ఫోటో గావాలనుకున్నోళ్ళు చేతుల దిక్కు సూడాలె.

మా కొడుకు పెండ్లి ఖాయమైనంక క్యాండిడ్ ఫోటోలు, అంటె మనకు ఎరుక లేకుంట తీసేటియి, తీసే ఆమె మెట్టుగూడల మా ఇంటికొచ్చింది. కోస్తా దిక్కోళ్ళ పిల్ల, ముప్పై ఏండ్లుంటయ్, నెమ్మదిగ మాట్లాడ్తది.

"ఏ ఫోటోలు తప్పకుండా కావాలో చెప్పండి ఆంటీ, రాసుకుంటాను" అన్నది.

"నాకొక్కటే గావాలె" అని వదినె ఫోటో సూపెట్టిన. "ఈమె స్టేజీ దిగెటప్పుడు నువ్వు మెట్ల కాడ ఉండు. మూడో మెట్టు మీద కుడి చెయ్యి చాపుతది. అది తియ్యి."

"ఎవరి కోసం చాపుతారు?"

"నా కోసం. నేను ఆడ ఉండ."

ఆమె పెన్ను ఆపింది. "ఒకళ్ళని బాధపెట్టే ఫోటోలు నేను తియ్యనాంటీ."

"బాధను తియ్యకు బిడ్డా, చెయ్యిని తియ్యి" అన్న. అని, నా కొడుకు ఆల్బంల నన్ను ఎట్ల దొరికిచ్చుకున్నడో చెప్పిన. ఆమె నా ముంజేతి మీది మచ్చను చానసేపు సూసింది.

"దానంతటది జరిగితే తీస్తాను. నేను మాత్రం చేయించను. మీరూ పిలిచి చెప్పి చేయించకూడదు. చేయిస్తే అది క్యాండిడ్ అవ్వదు" అన్నది.

ఒప్పుకున్న. కని ఆ షరతు నన్ను పరేషాన్ జేసింది. ఏండ్ల అలవాటు ఆ ఒక్క సాయంత్రమే తప్పిపోతె?

మోండా మార్కెట్‌కు పోయి పెద్ద నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు కొనుక్కొచ్చిన. "ఏందీ, రిసెప్షన్ల బట్టలుతుకుతవా?" అన్నడు మా ఆయన. "బ్యాగులేసుకోనీకి" అన్న. ఆయనకు అర్థమైంది. అక్కకు చెప్పే ధైర్యం లేదు, నన్ను ఆపే మొఖం లేదు.

రిసెప్షన్ నాడు టబ్బును మెట్ల పక్కన పెట్టిచ్చి, అంచుకు బంతిపూల దండ సుత సుట్టిన. నేను పైన, కొడుకు కోడలి పక్కన. వదినె వచ్చింది. వంకాయ రంగు కంచిపట్టు, అంచు ఇంత పెద్దగ. మెట్ల కింద నిలవడి, వేరే దిక్కు సూసుకుంట, "ఏమే, బ్యాగు" అని చెయ్యి పైకి లేపింది.

అబద్ధమెందుకు, నా చెయ్యి నా మాటినకుంట ముందుకువోయింది. రెండో చేత్తోని దాన్ని గట్టిగ పట్టుకున్న.

"ఆడ టబ్బున్నది వదినె, దాంట్ల ఎయ్యి."

"టబ్బులనా? నా బ్యాగా?"

"అందరియి అండ్లనే ఉన్నయ్. పెండ్లికొడుకు తల్లిని, నేనెట్ల దిగుత?"

ఎనక లైనున్నది. "జల్దీ ఎక్కమ్మా" అన్నరెవలో. బ్యాగును టబ్బుల పడేసి ఎక్కింది. ఎక్కి, నాకూ నా కొడుక్కూ నడుమల దూరి "జెర జరుగు" అన్నది. జరిగిన. ఎంత గావాలంటె అంత జరిగిన. నా కండ్లు మాత్రం ఆమె కుడి చేతి మీదనే ఉన్నయ్. టబ్బు సంగతి ఎరుకైంది గద, ఇగ చెయ్యి చాపదేమో.

దిగుడు షురూ జేసింది. కింద మొదటి వరుసల ఆమె వియ్యపురాలు, అంటె ఆమె బిడ్డ అత్త, కూసోని ఉన్నది. ఆమెకు ఎడమ చెయ్యి ఊపుకుంట, నవ్వుకుంట దిగుతున్నది. ఒక మెట్టు. రెండు మెట్లు. మూడో మెట్టు మీద కుడి చెయ్యి పక్కకు లేసింది. వేళ్ళు విచ్చుకున్నయ్. ఆడ ఎవ్వలు లేరు. చెయ్యి గాలిల ఒకసారి మూసుకున్నది, మల్ల తెరుసుకున్నది, కరెంటు వోయినప్పుడు అగ్గిపెట్టె కోసం గూడు తడిమినట్టు. అప్పుడు తల తిప్పి సూసింది.

గదే ఫోటో. ఇగో, సూడుండ్రి. నవ్వు ఇంకా పూరాగ పోలె, సగం మూతి మీద మిగిలింది. చెయ్యి ఖాళీగ. కింద టబ్బు. ఎనక జెర మసకగ నేను. మిగిలిన ఫోటోలల్ల నేను చుట్టం లెక్క నిలవడ్డ. దీంట్ల నాలెక్క ఉన్న.

ఆల్బం వచ్చినంక వదినె వచ్చి తిప్పుకుంట తిప్పుకుంట ఈడ ఆగింది. ఛాయ్ సగం ఇడిసిపెట్టి పోయింది. మల్ల తెల్లారి ఒక్కతే వచ్చింది.

"అది తీసెయ్. ఐతారం మా వియ్యపురాలు మీ ఇంటికొస్తది కొత్తకోడలిని సూడనీకి."

"ఎందుకు వదినె? నువ్వు మంచిగనే పడ్డవ్."

"ఎందుకో నీకు ఎరుకనే."

"సరే" అన్న. "నీ బిడ్డ ఆల్బంల నా మొఖమున్న ఫోటో ఒక్కటి దొరికిచ్చుకరా. నీ ముంగటనే దీన్ని చింపేస్త."

"గదేం పెద్ద పని" అని కాప్రా పోయి, ఆటోల ఆల్బం ఒళ్ళ పెట్టుకోని వచ్చింది. ఇగో, మీరు కూసున్న చాప మీదనే కూసున్నది. మొదటి నుంచి తిప్పింది. కండ్లద్దాలు తుడుసుకోని మల్ల తిప్పింది. నేను చిక్కుడుకాయలు ఒలుసుకుంట కూసున్న. ఆఖరికి ఒక ఫోటో అంచు మీద వేలు పెట్టి, "ఇగో, ఇది నీ చెయ్యే గద!" అన్నది.

ఆరేండ్ల పిల్లగాడు వేలు పెట్టిన కాడనే పెట్టింది.

"నా చెయ్యే వదినె. నేను మొఖమడిగిన."

ఆమె ఆల్బం మూసింది. మా ఆయన తలుపు కాడ నిలవడి, "పోనీయరాదు, అక్క బాధవడ్తది" అన్నడు. "పడనీ" అన్న. ఆ మాటకు నాకు ఇప్పటికి సుత పాపమనిపిస్తలేదు.

ఆ చెయ్యి ఫోటోను ఫోన్ల దింపుకోని, పెద్దగ ప్రింటు తీపిచ్చి దీని పక్కనే అతికిచ్చిన. ఐతారం వియ్యపురాలొచ్చింది, ఎంబడి వదినె. చాప ఏసి ఆల్బం ఇచ్చిన. వియ్యపురాలు రెండు ఫోటోలను మార్చి మార్చి సూసి, "ఇన్ని బ్యాగులు మోస్తున్న ఈ చెయ్యెవలిది?" అనడిగింది.

నేను వదినె మొఖం దిక్కు సూసిన. ఆమెనే చెప్పాలని కూసున్న.

"మా తమ్ముని భార్యది" అన్నది వదినె, తల దించుకోని. "మా బిడ్డ రిసెప్షన్ల."

వదినె ఎప్పుడు మా ఇంటికొచ్చినా ఈ ఆల్బం ఈ బల్ల మీదనే ఉంటది. తియ్య. టబ్బు అటక మీదున్నది, మీకు గావాలంటె తీస్కపోండ్రి.

సల్లగుండుండ్రి. మీ ఇంట్ల పిల్లల పెండ్లిళ్ళు గావాలె, స్టేజీ పెద్దగుండాలె, మీ ఇంటోళ్ళు ఒక్కరు సుత మెట్ల కాడ మిగలకుంట అందరు మొఖాలతోని ఫోటోల పడాలె.