అత్త గొంతుకు బావ చేసిన రిపేరు

మా బావకు నంబర్లంటే పిచ్చి. కర్నూలులో కొన్న, పాటను హెడ్‌ఫోన్లకు అందించే డాక్ అనే చిన్న పెట్టె, పెద్ద హెడ్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లో ఏదో సాఫ్ట్‌వేర్, వీటి గురించి రెండు నెలలుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. మామూలు పాటను అప్‌శాంప్లింగ్ చేస్తే సెకనుకు లక్షా తొంభై రెండు వేల ముక్కలవుతుందట, స్టూడియోలో కూర్చున్నట్టు వినిపిస్తుందట. లేని ముక్కలు ఎక్కడినుంచి వస్తాయి బావా అంటే, కంప్యూటరు చూసుకుంటుందన్నాడు. చారులో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది గానీ రుచి పెరగదు కదా అన్నాను. నాకు సంగీతం తెలియదని తేల్చేశాడు.

ఇదంతా తన పాటలతో చేసుకుంటే నాకేం పోయింది? చేసింది మా మేనత్త పాటకు, అంటే తన తల్లి పాటకు. పత్తికొండ దగ్గర మా ఊరి చర్చిలో ముప్పై ఏళ్లు ఆమే పాట ఎత్తుకునేది. మైకు అక్కర్లేదు. మూడేళ్ల కిందట గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుస మాత్రమే మిగిలింది. ఆమె పాడినవాటిలో ఇప్పుడు ఉన్నది ఒక్కటే, ఆపరేషన్‌కు ముందు సంవత్సరం కోత పండగ ఆరాధనలో నేను ఫోన్‌తో రికార్డు చేసింది. ఎవరో చర్చికి కానుకగా ఇస్తే వేలానికి పెట్టిన కోడిపుంజు కూత కూడా అందులో ఉంది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక బావ ఇంట్లో అందరూ చేరారు. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. ముందు నాకు వినిపించాడు. కోడి మారలేదు, అత్త గొంతూ మారలేదు, డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది. ఆ మాటే అన్నాను.

"కండ్లు పెట్టి చూడప్పా, ఫైలు ఎంత పెద్దదయిందో," అని స్క్రీన్ చూపించాడు.

పాటను కళ్లతో వినే మనిషితో ఏం వాదిస్తాం? చుట్టూ ఉన్నవాళ్లు కూడా శానా బాగుందన్నారు, వినకముందే. నాకు ఒళ్లు మండింది.

తర్వాత అత్తకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విని, వాటిని తీసి ఒళ్లో పెట్టుకుంది. కొడుకును మెచ్చుకుంటుందనుకున్నాను. నన్ను దగ్గరికి పిలిచింది. ఆ గుసగుస వినాలంటే బాగా వంగాలి.

"ఇంత బాగు చేసినా ఇట్లే ఉండాదంటే, నా గొంతే అంతప్పా. ఇన్నేండ్లూ మీరంతా మొగమాటానికి మెచ్చుకున్యారు."

బావ మీద కోపమంతా ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. ఆ పాట ఎందుకట్లా ఉందో నాకు మొదటినుంచీ తెలుసు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి. ఇక దాచలేకపోయాను.

"నీ గొంతు కాదత్తా. ఫోన్లో జాగా చాలదని నేనే అన్నిటికన్నా తక్కువ క్వాలిటీ పెట్టినా. పాస్టరు అయ్యగారి ప్రసంగం గంటన్నర ఉంటాది, అదంతా పడాలని. నీ గొంతులో సగం అప్పుడే పడలేదు. ఇప్పుడు ఏం చేసినా రాదు."

బావ ల్యాప్‌టాప్ మూసేశాడు. అత్త ఒళ్లోని హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"ఆ ప్రసంగం మళ్లా ఎవరన్నా విన్యారా?" అని అడిగింది.

ఎవరూ వినలేదు. నేను కూడా వినలేదు.